"ఇక్కడ క్లిక్ చేయండి" అంటే ఎక్కడికి? లింకు మాటలు సరిచేసుకునే పద్ధతి

చార్మినార్ కింద నిలబడి లాడ్ బజార్ ఎటని అడిగితే ఎవరైనా చెయ్యి పడమరకు చూపించి, "అదిగో, ఆ గాజుల దుకాణాలున్న గల్లీ" అంటారు. "అటు" అని ఊరుకుంటే పది అడుగులు వేశాక మళ్లీ ఇంకొకరిని అడగాల్సిందే. వెబ్‌సైట్‌లో లింకు మీద మనం రాసే మాటలు కూడా దారి చెప్పడమే. నీలం రంగులోనో, కింద గీతతోనో కనిపించే ఆ రెండు మూడు మాటల్ని యాంకర్ టెక్స్ట్ అంటారు. మన తెలుగు సైట్లలో ఎక్కువ చోట్ల అక్కడ కనిపించేది ఒకటే: "ఇక్కడ క్లిక్ చేయండి." అంటే "అటు" అన్నమాట.

ఈ మాటల్ని సెర్చ్ ఇంజిన్లు పట్టించుకోవడం ఇవాళ్టిది కాదు. 1998లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా గూగుల్ ఎలా పనిచేస్తుందో వివరిస్తూ ఒక పరిశోధన పత్రం రాశారు. లింకు మీదున్న మాటల్ని ఆ లింకు ఏ పేజీకి వెళ్తుందో ఆ పేజీ ఖాతాలో కూడా వేస్తామని అందులో చెప్పారు. ఒక పేజీ తన గురించి తాను చెప్పుకునే దానికంటే దానికి లింకిచ్చినవాళ్లు చెప్పేదే చాలాసార్లు సరిగ్గా ఉంటుందని వాళ్ల లెక్క. పెళ్లి సంబంధం విషయంలో మనవాళ్లు చుట్టుపక్కల విచారించినట్టే.

దీనికి ఎంత బలం ఉండేదో 2003లో లోకానికి తెలిసింది. కొంతమంది కూడబలుక్కుని "మిజరబుల్ ఫెయిల్యూర్" అనే మాటల మీద అమెరికా అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ జీవిత పరిచయానికి లింకులు పెట్టారు. ఆ పేజీలో ఆ మాటలే లేవు. అయినా ఆ మాటలు వెతికితే గూగుల్‌లో మొదట వచ్చింది అదే. ఇలాంటి గూగుల్ బాంబుల్ని అదుపు చేసే మార్పు 2007 జనవరిలో వచ్చింది. అప్పట్నుంచి కేవలం లింకు మాటలతో కొండలు పిండి కొట్టడం కుదరదు. పేజీలో సరుకుండాలి, వెతికేవాళ్లకు అది పనికిరావాలి. లింకు మాటలు ఆ సరుకు దగ్గరికి దారి చూపిస్తాయి, అంతే.

ఒక ఉదాహరణ పెట్టుకుని నడుద్దాం. లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణం ఒకటి కొత్తగా ఆన్‌లైన్ అమ్మకం మొదలుపెట్టిందనుకోండి. సైట్‌లో ఓ నలభై పేజీలున్నాయి: గాజుల రకాలు, సైజు కొలిచే పద్ధతి, పెళ్లి సెట్లు, డెలివరీ, లక్క గాజు ఎలా తయారవుతుందో చెప్పే ఒక వ్యాసం. ఇక పని మొదలుపెడదాం.

మొదటి పని: ఉన్నవన్నీ ఒక షీట్‌లోకి

ఏ లింకూ ముట్టుకోకముందే ఒక షీట్ తెరవండి. మూడు కాలమ్‌లు చాలు: లింకు ఏ పేజీలో ఉంది, దాని మీద ఏం రాసి ఉంది, అది ఏ పేజీకి వెళ్తుంది. నలభై పేజీల సైట్ అయితే ఒక మధ్యాహ్నం కూర్చుని చేత్తోనే రాసుకోవచ్చు. పేజీలు ఎక్కువుంటే స్క్రీమింగ్ ఫ్రాగ్ లాంటి ప్రోగ్రామ్ ఈ జాబితా తీసిస్తుంది. దాని ఉచిత వెర్షన్ 500 చిరునామాల వరకూ తిరుగుతుంది, చిన్న దుకాణానికి అది బోలెడు.

చేత్తో రాయమని నేను చెప్పడానికి కారణం ఉంది. "ఇక్కడ క్లిక్ చేయండి", "ఇంకా చదవండి", "వివరాలు", "ఇక్కడ చూడండి"... ఇవే మాటలు ముప్పైసార్లు మీ చేత్తో మీరే రాసుకుంటే ఎక్కడ తప్పు జరుగుతోందో ఎవరూ చెప్పక్కర్లేదు.

బయటి సైట్లు మీకు ఏ మాటలతో లింకిస్తున్నాయో సైట్ సొంతదారుల కోసం గూగుల్ నడిపే సెర్చ్ కన్సోల్‌లో ఉచితంగా చూడొచ్చు. ఎడమ పక్క మెనూలో లింకుల రిపోర్ట్ తెరిస్తే ఎక్కువసార్లు వాడిన లింకు మాటల జాబితా ఉంటుంది. దాన్ని వేరే ట్యాబ్‌లో దాచుకోండి, దాని సంగతి తర్వాత చూద్దాం.

రెండో పని: ప్రతి పేజీకీ ఒక పేరు

నలభై పేజీల్నీ వరసగా రాసి, ఒక్కోదాని ఎదురుగా "ఈ పేజీ దేని గురించి?" అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు రాయండి. "గాజుల సైజు కొలిచే పద్ధతి." "పెళ్లికూతురి లక్క గాజుల సెట్లు." "రాళ్ల గాజులు." జవాబు రాయలేకపోతే ఆ పేజీకే ఒక విషయం లేదన్నమాట. దానికి లింకు మాటలు ఎంత బాగా రాసినా దండగ, ముందు పేజీని సరిచేయండి.

ఇక్కడే ఇంకో తిరకాసు బయటపడుతుంది. "లక్క గాజులు" అని ఒకచోట అమ్మకం పేజీకి లింకిస్తాం, ఇంకోచోట అవే మాటలతో తయారీ వ్యాసానికి ఇస్తాం. ఒకే పేరుతో ఇద్దరిని పిలిచినట్టు. గూగుల్ సంగతి పక్కన పెట్టండి, కొనడానికి వచ్చిన మనిషి తయారీ కథ చదువుతూ ఇరుక్కుంటుంది. అమ్మకం పేజీకి "లక్క గాజుల రకాలు, ధరలు" అనీ, వ్యాసానికి "లక్క గాజు ఎలా తయారవుతుంది" అనీ విడదీసి పెట్టుకోండి.

మూడో పని: "ఇక్కడ" నుంచి ఎడమకు జరగండి

అసలు పని ఇదే. ఇందులో తెలుగు మనకు ఒక మేలు చేసింది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. దేని గురించో ముందే చెప్పేసి ఉంటాం.

"గాజుల సైజు ఎలా కొలవాలో తెలుసుకోవడానికి ఇక్కడ క్లిక్ చేయండి."

కావలసిన మాటలు వాక్యంలోనే ఉన్నాయి, లింకు మాత్రం చివర్న తగిలించాం. లింకును ఎడమకు జరిపి "గాజుల సైజు ఎలా కొలవాలో" అన్న నాలుగు మాటల మీద పెట్టండి. సగం పని అయిపోయింది. మిగిలిన సగం ఆ తోకను కత్తిరించడం: "గాజుల సైజు ఎలా కొలవాలో బొమ్మలతో వివరించాం." క్లిక్ అన్న మాటే అక్కర్లేదు. లింకు కనిపిస్తే నొక్కాలని అందరికీ తెలుసు.

ఎంత పొడుగుండాలి? అక్షరాల లెక్క ఏదీ లేదు. గూగుల్ తన మార్గదర్శకాల్లో అడిగేది ఇంతే: వెళ్లే పేజీ సంగతి చెప్పాలి, మరీ పొడుగు కాకూడదు, ఇప్పుడున్న పేజీకీ వెళ్లబోయే పేజీకీ అతకాలి. నేనైతే రెండు నుంచి ఆరు మాటల మధ్య ఉంచుతాను. వాక్యం మొత్తాన్ని లింకు చేస్తే ఫోన్‌లో స్క్రోల్ చేస్తుంటే వేలు తగిలి పేజీ ఎగిరిపోతుంది, చదివేవాళ్లకు చిరాకు.

రెండు లింకుల్ని పక్కపక్కన అంటించకండి. "పెళ్లి గాజులు రాళ్ల గాజులు పిల్లల గాజులు" అని వరసగా మూడు లింకులుంటే ఏది ఎక్కడ ముగిసిందో తెలియదు. మధ్యలో నాలుగు మామూలు మాటలు పెట్టండి. లింకుకు ముందూ వెనకా ఉన్న మాటలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఆ చోటు వృథా కాదు. "చెయ్యి లావుగా ఉన్నవాళ్లు 2-8 సైజు గాజులు చూడొచ్చు" అన్న వాక్యంలో "2-8 సైజు గాజులు" మాత్రమే లింకు, మిగతాది దానికి తోడు. (ఆ 2-8 అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఎనిమిది వంతులు, అంటే లోపలి వ్యాసం రెండున్నర అంగుళాలు. 2-4 అంటే రెండుంపావు. ఏళ్లుగా గాజులు కొంటున్నవాళ్లలో కూడా చాలామందికి ఇది తెలియదు. దీని మీద ఒక పేజీ రాస్తే లింకివ్వడానికి పది చోట్లు దొరుకుతాయి.)

తెలుగులో రాసేవాళ్లకు వచ్చే చిక్కులు

ఇంగ్లిష్ గైడ్లలో ఇవి దొరకవు.

మొదటిది విభక్తి. "చీరలకు", "గాజుల్లో", "దుకాణంలోని" అన్నప్పుడు ప్రత్యయం మాటకు అతుక్కునే ఉంటుంది. కీవర్డ్, అంటే జనం వెతికే మాట, శుద్ధంగా ఉండాలని కొందరు "గాజు" వరకు లింకు పెట్టి "ల్లో"ను బయట వదిలేస్తారు. మాట మధ్యలో రంగు మారి, గీత తెగి, చూడ్డానికి మెల్లకన్నులా ఉంటుంది. మాటను ప్రత్యయంతో సహా లింకు చేయండి. ప్రత్యయం మరీ అడ్డం అనిపిస్తే వాక్యాన్ని తిరగరాయండి, మాటను మాత్రం నరకొద్దు.

రెండోది ఏ మాట వాడాలన్నది. "కంకణములు" అని రాస్తే గ్రంథంలా గౌరవంగా ఉంటుంది కానీ వెతికేవాళ్లు గాజులనే అంటారు. "బట్వాడా రుసుము" కాదు, "డెలివరీ ఛార్జీ". దుకాణంలో కౌంటర్ దగ్గర అరగంట నిలబడి, వచ్చినవాళ్లు నోటితో ఏమంటున్నారో వినండి. అంతకంటే మంచి కీవర్డ్ టూల్ నేను చూడలేదు. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి వెతికేవాళ్లూ చాలామందే ఉన్నారు. అలాగని తెలుగు వాక్యం మధ్యలో ఇంగ్లిష్ అక్షరాల తెలుగును లింకుగా ఇరికించకండి. సెర్చ్ కన్సోల్‌లో జనం ఏ మాటలతో మీ దగ్గరికి వస్తున్నారో కనిపిస్తుంది, అది చూసి తేల్చుకోండి.

మూడోది పేజీ చిరునామా. ఇది చాలామంది గమనించరు. తెలుగు అక్షరాలతో చిరునామా పెడితే బ్రౌజర్‌లో ముచ్చటగా కనిపిస్తుంది. కాపీ చేసి ఇంకోచోట పెట్టినప్పుడు మాత్రం తరచుగా శాతం గుర్తులూ అంకెలూ కలగలిసిన గందరగోళంగా మారుతుంది. ఎందుకంటే కంప్యూటర్ లెక్కలో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటుకూ మూడు అక్షరాలు. "గాజులు" అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తం ఆరు. అవి చిరునామాలో 54 అక్షరాలవుతాయి. ఎవరైనా మీ లింకును అలాగే అతికిస్తే ఆ 54 అక్షరాల గందరగోళమే మీ యాంకర్ టెక్స్ట్. వాట్సాప్‌లో పంపినా చూసినవాళ్లు ఇదేదో మోసం లింకని భయపడతారు. అందుకే చిరునామా మటుకు పొట్టిగా ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోమంటాను. ఇప్పటికే తెలుగులో ఉన్న పాత చిరునామాల్ని మాత్రం దీనికోసం మార్చి టెన్షన్ తెచ్చుకోకండి, కొత్త పేజీల నుంచి మొదలుపెట్టండి.

బొమ్మలూ, బటన్లూ

గాజుల ఫొటో నొక్కితే ఆ రకం పేజీ తెరుచుకుంటుందా? అయితే ఆ ఫొటోకు బదులుగా కోడ్‌లో రాసే వివరణ, అంటే ఆల్ట్ టెక్స్టే లింకు మాటల పని చేస్తుంది. దాన్ని ఖాళీగా వదిలేసినా, కెమెరా ఇచ్చిన అంకెల పేరు అలాగే పెట్టినా దారి చెప్పే నోరు మూసినట్టే. "ఎరుపు రాళ్ల లక్క గాజులు, 2-6 సైజు" అని రాయండి.

ఇంకొకటి, సైట్ తయారుచేసిన కుర్రాణ్ణి అడగాల్సిన ప్రశ్న: "ఈ బటన్లన్నీ మామూలు లింకులేనా, జావాస్క్రిప్ట్‌తో తెరుచుకునేవా?" పేజీ కోడ్‌లో లింకు కోసం రాసే <a> ట్యాగ్, అందులో హెచ్‌రెఫ్, దాంట్లో చిరునామా ఉంటేనే గూగుల్ దాన్ని లింకుగా నమ్మకంగా పట్టుకుంటుంది. పైకి ఒకేలా కనిపించినా లోపల అది లేకపోతే మీరు ఎంత బాగా రాసినా లాభం లేదు.

మెనూ, ఫుటర్ (పేజీ అడుగు భాగం) గురించి పెద్దగా ఆలోచించకండి. అక్కడ పొట్టి పేర్లే మంచివి. ఫుటర్‌లో "హైదరాబాద్‌లో ఉత్తమ గాజులు, సికింద్రాబాద్‌లో ఉత్తమ గాజులు, కూకట్‌పల్లిలో ఉత్తమ గాజులు" అని ఊళ్లూ పేటలూ వల్లించే అలవాటు ఉంటే ఇవాళే తీసేయండి.

బయటి నుంచి వచ్చే లింకులు

ఇందాక దాచుకున్న ట్యాబ్ తెరవండి. ఇక్కడ నా సలహా కాస్త వింతగా ఉంటుంది: చాలావరకు ఏమీ చేయకండి.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట మా బంధువుల బ్యూటీ పార్లర్ సైట్ నేనే చూసుకునేవాణ్ణి. నెలకు కొంత డబ్బిస్తే వందల లింకులు తెచ్చిపెడతామని ఒకాయన వచ్చాడు. అన్ని లింకుల మీదా ఒకటే మాట: "బెస్ట్ బ్రైడల్ మేకప్ ఇన్ హైదరాబాద్". మొదట్లో ర్యాంకు పెరిగింది, మిఠాయి కూడా పంచుకున్నాం. 2012 ఏప్రిల్ 24న గూగుల్ పెంగ్విన్ అప్‌డేట్ వచ్చింది. డబ్బుతో పోగేసిన లింకులు, ఒకే మాటను మళ్లీ మళ్లీ తగిలించిన లింకులు ఉన్న సైట్లను పట్టుకోవడానికే దాన్ని తెచ్చారు. మా సైట్ ఎక్కడికి జారిందో వెతుక్కోవడానికి పేజీలు తిప్పాల్సి వచ్చింది. ఆయన ఫోన్ ఎత్తలేదు. ఆ లింకులు తీయించడానికి ఊరూ పేరూ లేని సైట్లకు మెయిళ్లు రాస్తూ ఒక వేసవి అంతా గడిపాను.

2016 సెప్టెంబరు నుంచి పెంగ్విన్ గూగుల్ ప్రధాన వ్యవస్థలో కలిసిపోయి ఎప్పటికప్పుడు పనిచేస్తోంది. సైట్ మొత్తాన్ని కిందికి తొయ్యడం కంటే అలాంటి లింకుల విలువను తీసేయడం మీదే ఇప్పుడు దాని దృష్టి. అంటే కొన్న లింకుకు డబ్బులు పోతాయి, ఫలితం ఉండదు. మరీ శృతి మించితే మనుషులే చూసి శిక్ష వేసే పద్ధతి వేరే ఉంది.

మామూలుగా జనం లింకిస్తే ఎలా ఉంటుంది? ఒకరు దుకాణం పేరు రాస్తారు, ఒకరు చిరునామా అలాగే అతికిస్తారు, ఒకరు "పాతబస్తీలో మా అమ్మ కొన్న గాజులు" అంటారు, ఇంకొకరు "ఇక్కడ" అని వదిలేస్తారు. ఈ కలగాపులగమే సహజం. కాబట్టి బయటివాళ్ల "ఇక్కడ"ను మార్చమని వెంటపడకండి. "దుకాణం పేరు ఇంత శాతం, కీవర్డ్ ఇంత శాతం ఉండాలి" అని చెప్పే పట్టికలు చాలా తిరుగుతుంటాయి. గూగుల్ అలాంటి లెక్క ఏదీ ప్రకటించలేదు, వాటిని నమ్మి డబ్బు పెట్టకండి.

అడగదగ్గ సందర్భం ఒకటుంది: లింకు తప్పు పేజీకి వెళ్తున్నప్పుడు, లేదా పేరు తప్పు రాసినప్పుడు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. దాని మీద ఎవరో రాస్తూ మీ తయారీ వ్యాసానికి ఇవ్వబోయిన లింకు డెలివరీ పేజీకి ఇచ్చారనుకోండి, మర్యాదగా ఒక మెయిల్ రాయండి. అందులో సరైన చిరునామా ఇవ్వండి చాలు. లింకు మీద ఏం రాయాలో డిక్టేట్ చేయకండి.

డబ్బిచ్చి ప్రకటన వేయిస్తే, ఇన్‌ఫ్లుయెన్సర్‌కు గాజులు ఉచితంగా పంపి తన సైట్‌లో రాయిస్తే, ఆ లింకుకు స్పాన్సర్డ్ అన్న గుర్తు పెట్టమనండి. 2005 నుంచి దీనికి నోఫాలో (ఈ లింకుకు మా పూచీ లేదని చెప్పే గుర్తు) ఉండేది, 2019లో స్పాన్సర్డ్, యూజీసీ (వాడేవాళ్లు రాసినది) అని మరో రెండు గుర్తులు చేరాయి. మీ సైట్‌లో కస్టమర్లు సమీక్షల్లో పెట్టే లింకులకు ఆ యూజీసీ వాడాలి. లింకుల్ని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే డిసవౌ సాధనం కూడా ఉంది. మీరు గతంలో నాలాగా లింకులు కొని, శిక్ష పడితేనో పడేలా ఉంటేనో తప్ప దాని జోలికి వెళ్లకండి. మంచి లింకుల్ని చేజేతులా తీసేసుకునే ప్రమాదం ఉంది.

చివరి పరీక్ష

పేజీ తెరిచి లింకు మాటలు మాత్రమే పైకి చదవండి, మిగతా వాక్యాలు వదిలేయండి. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి, "ఇది నొక్కితే ఏమొస్తుంది?" అని అడగండి. మా ఇంట్లో ఈ పని మా అమ్మది. ఆవిడ "ఏమో, నాకేం తెలుసు" అందంటే ఆ లింకు మళ్లీ రాయాల్సిందే.

ఈ పరీక్ష కొందరికి రోజూ ఎదురయ్యేదే. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో పేజీ వింటారు. ఎన్‌వీడీఏ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఇన్సర్ట్, ఎఫ్7 మీటలు కలిపి నొక్కితే పేజీలోని లింకులన్నీ ఒక జాబితాగా వస్తాయి. ఆ జాబితాలో "ఇక్కడ క్లిక్ చేయండి" పదిహేనుసార్లు వినబడితే వాళ్లు ఏం చేయాలి? లింకు ఎందుకో తెలిసేలా ఉండాలన్నది వెబ్ అందుబాటు ప్రమాణాల్లో మొట్టమొదటి స్థాయిలోనే ఉన్న నియమం. మీరూ ఒకసారి ఆ ప్రోగ్రామ్ వేసుకుని మీ సైట్ వినండి.

మార్పులన్నీ అయ్యాక షీట్‌లో తేదీ వేయండి. ముఖ్యమైన నాలుగైదు పేజీల్ని సెర్చ్ కన్సోల్‌లో తనిఖీ పెట్టి మళ్లీ ఇండెక్స్ చేయమని, అంటే తన జాబితాలో కొత్తగా నమోదు చేసుకోమని గూగుల్‌ను అడగొచ్చు, మిగతావాటిని గూగుల్ తన తీరికను బట్టి చూసుకుంటుంది. రేపు పొద్దున్నే ర్యాంకు చూడకండి. కొన్ని వారాలు ఆగి, పనితీరు రిపోర్ట్‌లో మార్పుకు ముందు నెలనూ తర్వాతి నెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పెళ్లిళ్ల సీజన్‌లో గాజుల వెతుకులాట దానంతటదే పెరుగుతుంది, ఆ ఘనత లింకులకు కట్టబెట్టకండి. ఆ రిపోర్ట్‌లో 16 నెలల లెక్క ఉంటుంది కాబట్టి నిరుటి అదే నెలతో పోలిస్తే నయం.

ఇక మీదట కొత్త పేజీ పెట్టిన రోజే, దానికి సంబంధం ఉన్న పాత పేజీలు మూడు వెతికి, వాటిలో సరైన చోట కొత్తదానికి లింకివ్వండి. మూడు చోట్లా అచ్చంగా ఒకే మాటలు అక్కర్లేదు, ఆ వాక్యంలో ఏది ఇమిడితే అది రాయండి. షీట్‌లో మూడు వరసలు చేర్చి మూసేయండి.